స్పిట్‌ఫైరా, మస్టాంగా, 109ఆ: సిమ్‌లో పాత ఫైటర్ కొనేముందు

ఫ్లైట్ సిమ్యులేటర్ గేముల సేల్ పడిందంటే చాలు, మనోళ్ళంతా అడిగేది ఒకటే, "అన్నా ఏ వార్‌బర్డ్ (ప్రపంచ యుద్ధం నాటి పాత ప్లేన్) కొనాల, స్పిట్‌ఫైర్ బాగుంటాదా, మస్టాంగ్ బాగుంటాదా" అని. ప్లేన్ పేరు తర్వాత చూద్దాం, ముందు మీ టేబుల్ కింద ఏముందో చెప్పండి. రడ్డర్ పెడల్స్ (ముక్కు కుడికీ ఎడమకీ తిప్పడానికి కాళ్ళతో తొక్కేవి) ఉన్నాయా, తిప్పితే తిరిగే ట్విస్ట్ స్టిక్కా, లేకపోతే ఉత్త గేమ్ కంట్రోలరా? రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్లు గాల్లో అన్నీ బాగానే ఎగురుతాయి, అసలు తేడా నేల మీదే తెలుస్తాది. యూట్యూబ్‌లో డాగ్‌ఫైట్ చూసి ఉబలాటంగా కొనేసి, టేకాఫ్ కూడా కాకముందే రన్‌వే పక్కన రెక్క విరగ్గొట్టుకుని, విసుగొచ్చి మళ్ళా జెట్లకే పోయినోళ్ళు మన అనంతపురం, కర్నూల్ బ్యాచ్‌లోనే కావాల్సినంత మంది ఉండారు.

ఇంగో మాట. రియలిస్టిక్ అంటే కాక్‌పిట్ ఫోటో తీసినట్టు ఉండడం కాదప్పా. ఈ కాలంలో అందరూ కాక్‌పిట్ బాగానే గీస్తారు. నేను చూసేది ఒక్కటే, నేను తప్పు చేస్తే ప్లేన్ ఊరుకుంటాదా ఊరుకోదా అని. త్రాటిల్ ఫుల్‌గా తోసేసి, ముక్కు పైకెత్తి, స్పీడు తగ్గిపోతాంటే కూడా అట్లనే ఎక్కుతా పోతే కూలెంట్ ఉడికి ఇంజన్ పట్టేయాల. పట్టేయకపోతే అది బొమ్మే, ఎంత అందంగా ఉన్నా సరే.

ఈ లెక్కన చూస్తే మన ముందు ఉండేవి మూడు దార్లు, అంటే మూడు సిమ్ గేములు. డీసీఎస్ వరల్డ్, ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఎక్స్-ప్లేన్‌లో కూడా మంచి వార్‌బర్డ్స్ ఉన్నాయి గానీ మన దగ్గర దాన్ని వాడేవాళ్ళంతా ఎయిర్‌బస్, బోయింగ్ బ్యాచ్, కాబట్టి దాన్ని పక్కన పెడతా. ఎఫ్‌ఎస్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత సిమ్) కాలంలో ఏ2ఏ అనే కంపెనీ వాళ్ళ అక్యూ-సిమ్ మస్టాంగ్, స్పిట్‌ఫైర్ వాడినోళ్ళకు ఇప్పటికీ అవే కళ్ళలో మెదలుతాంటాయి, ఆయిల్ మార్చడం, ప్లగ్గులు పాడవడం దాకా అన్నీ చూసుకోవాల్సి వచ్చేది. కానీ అవి ఎఫ్‌ఎస్‌ఎక్స్, ప్రీపార్3డీ కోసం చేసినవి, కొత్త సిమ్‌లో నడవవు, వాటి కోసం పాత సిమ్ ఎక్కించుకోమని నేనైతే చెప్పను.

ముందు డీసీఎస్ సంగతి. దీంట్లో శానా మందికి తెలియని విషయం ఏమంటే, గేమ్ ఫ్రీ, దాంతో పాటు టీఎఫ్-51డి అనే తుపాకులు లేని మస్టాంగ్ కూడా ఫ్రీ. తుపాకులు లేవు కదా అని తీసిపారేయొద్దు, ఇంజన్, రేడియేటర్, రడ్డర్, టెయిల్‌వీల్, అంతా డబ్బులు పెట్టి కొనే పి-51డి, అంటే తుపాకులున్న మస్టాంగ్ మాదిరే ఉంటాది. అంటే మీకు వార్‌బర్డ్ సరిపడుతుందా లేదా అని ఒక్క రూపాయి ఖర్చు కాకుండానే తేల్చుకోవచ్చు. ఎవరైనా సరే, పర్సు తీసే ముందు దీంట్లో స్టార్టింగ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒంటరిగా చేయగలగాల.

ఎట్లుంటాదో చెప్తా చూడండి. బ్యాటరీ, జనరేటర్ ఆన్, ఫ్యూయల్ షటాఫ్ ఆన్, బూస్టర్ పంప్ ఆన్, మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు మార్చే) లివర్ ఐడిల్ కటాఫ్‌లో, త్రాటిల్ ఒక అంగుళం ముందుకి, ప్రైమర్ మూడు నాలుగు సెకన్లు, మాగ్నెటోలు బోత్‌లో పెట్టి స్టార్టర్ పట్టుకుంటే ప్రొపెల్లర్ బరువుగా రెండు మూడు చుట్లు తిరిగి దగ్గుతాది, పట్టుకుందీ అనగానే మిక్చర్ రన్‌కి తోయాల, ఆలస్యమైతే ఆగిపోతాది. తర్వాత ఊరికే కూర్చోవాల. ఆయిల్ 40 డిగ్రీలు, కూలెంట్ 60 డిగ్రీలు దాటేదాకా టేకాఫ్ లేదు. ట్యాక్సీ చేసేటప్పుడు స్టిక్ వెనక్కి లాగి పెడితే టెయిల్‌వీల్ లాక్ అయి కొంచెమే తిరుగుతాది, పూర్తిగా మలుపు తిరగాలంటే స్టిక్ ముందుకి తోయాల. ఇది తెలియక మలుపుల దగ్గర బ్రేకులతో కుస్తీ పట్టేవాళ్ళే ఎక్కువ. టేకాఫ్‌కి రడ్డర్ ట్రిమ్ (కాలితో తొక్కకుండానే రడ్డర్‌ని ఒక పక్కకి పట్టి ఉంచేది) కుడికి ఐదారు డిగ్రీలు పెట్టి, స్టిక్ వెనక్కే పట్టుకుని, త్రాటిల్ మెల్లగా తోస్తా మానిఫోల్డ్ ప్రెజర్ గేజ్ (ఇంజన్ పవర్ చూపించేది) మీద 40 అంగుళాలు, నిలకడగా పోతాందంటే అప్పుడు 61 దాకా. గబుక్కున తోస్తే ముక్కు ఎడమకి లాగేస్తాది, దాన్ని ఆపడానికి ఎక్కువ కుడి రడ్డర్ తొక్కుతారు, అది అటు పోతాది, ఇంగ అంతే.

ఇదంతా ట్విస్ట్ స్టిక్‌తో కూడా చేయొచ్చు, ఎందుకంటే మస్టాంగ్ చక్రాలు బాగా ఎడంగా ఉంటాయి, తోక లాక్ అవుతాది, కాబట్టి రవ్వంత తప్పు చేసినా క్షమిస్తాది. అందుకే నా లెక్క ప్రకారం పెడల్స్ లేనోళ్ళకు మొదటి వార్‌బర్డ్ పి-51డి. డీసీఎస్‌లో ఇది 2012 నుంచి ఉన్న ప్లేన్, పాతదే, కాక్‌పిట్ కొత్తవాటి పక్కన పెడితే వయసు తెలుస్తాది. అయినా దీంట్లో రేడియేటర్ డోర్లు ఆటోమేటిక్, పాయింట్ ఫిఫ్టీ (అర అంగుళం) గన్నులు ఆరు, మొత్తం 1,880 రౌండ్లు, కే-14 గన్‌సైట్‌లో ఎదుటి ప్లేన్ రెక్కల పొడవు సెట్ చేస్తే ఎంత ముందుకి కాల్చాలో అదే చూపిస్తాది, కొత్తోళ్ళకు ఇంతకన్నా సాయం ఏం కావాల. కాకపోతే ఒక మెలిక ఉంది. రెక్కల్లో ఉండే రెండు ట్యాంకులు కాక సీటు వెనక 85 గ్యాలన్ల ట్యాంక్ ఒకటి ఉంటాది. ఫ్యూయల్ స్లైడర్ దాదాపు 68 శాతం దాటిస్తే అది నిండడం మొదలౌతాది, అప్పుడు గట్టిగా తిప్పితే వెనకాల బియ్యం బస్తా కట్టిన టీవీఎస్ ఎక్సెల్ మాదిరి తోక ముందుకొచ్చేస్తాది. "మస్టాంగ్ స్పిన్ అయిపోతాందన్నా" అని మొత్తుకునేవాళ్ళలో సగం మందికి జబ్బు ఇదే, 60 శాతం పెట్టి మళ్ళా ఎగరండి.

ఇప్పుడు స్పిట్‌ఫైర్. డీసీఎస్‌లో ఉండేది ఎల్‌ఎఫ్ మార్క్ 9, మెర్లిన్ 66 ఇంజన్. గాల్లో దీనికి సాటి లేదు, నేనైతే ఈ మాట ఎక్కడైనా చెప్తా. స్టిక్ కదిలించాలని అనుకుంటే చాలు తిరిగేస్తాది, అదే దీని కష్టం కూడా, ఎలివేటర్ (ముక్కు ఎత్తి దించేది) ఎంత సున్నితమంటే చిన్న జాయ్‌స్టిక్‌తో ముక్కు ఎగిరెగిరి పడుతుంటాది. కంట్రోల్ సెట్టింగుల్లో యాక్సిస్ ట్యూన్‌లోకి పోయి పిచ్ కర్వ్ (స్టిక్ సున్నితం తగ్గించేది) ఒక 15, 20 పెట్టుకోకుండా దీన్ని తిట్టొద్దు. చక్రాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, తోక చక్రానికి లాక్ లేదు, ముందు ముక్కు తప్ప ఏం కనపడదు. బ్రేకులైతే ఇంగా వింత, కాళ్ళ దగ్గర ఉండవు, స్టిక్ గుండ్రటి పిడికి ఒక లివర్ ఉంటాది, అది నొక్కితే గాలితో బ్రేక్ పడుతుంది, ఏ చక్రానికి ఎంత పడాలనేది రడ్డర్ ఎటు తొక్కినారో దాన్ని బట్టి పోతాది. దీన్ని కీబోర్డ్ బటన్‌కి పెట్టుకుంటే ఒక్కసారిగా ఫుల్ బ్రేక్ పడి ముక్కు నేలకు కొడుతాది. మీ స్టిక్ మీద ఖాళీగా ఉన్న స్లైడరో, త్రాటిల్ పక్కన చిన్న చక్రమో దేనికైనా యాక్సిస్‌గా పెట్టండి, సగం బాధ అక్కడే పోతాది. ల్యాండింగ్‌కి నేరుగా రావద్దు, ముక్కు అడ్డం కాబట్టి ఒంపుగా తిరుగుతానే వచ్చి చివర్లో సర్దుకోవాల. ఇంగోటి, పొట్ట చిన్నది, లోపలి ట్యాంకుల్లో 85 ఇంపీరియల్ గ్యాలన్లు, అంటే 386 లీటర్లే, మస్టాంగ్‌లో అన్నీ నింపితే వెయ్యి లీటర్ల పైనే పడతాది. దూరం పోయే మిషన్లు ఇష్టమైతే స్పిట్ మీకు కాదు. పెడల్స్ ఉండి, ఓపిక ఉండి, ల్యాండింగ్ ప్రాక్టీస్ చేయడమే సరదా అనుకునేవాళ్ళకు మాత్రం ఇదే కొనమని చెప్తా, మస్టాంగ్ వద్దు.

మనోళ్ళకు దీని మీద ఇంకో రకం ప్రేమ కూడా ఉండాలి కద. మన ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు బర్మా యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపినారు, మార్క్ 8 కూడా వాడినారు. సిమ్‌లో ఉండే 9 దానికి దగ్గరి చుట్టమే.

బీఎఫ్ 109 కే-4 గురించి అందరూ చెప్పేది ఒకటే, టేకాఫ్‌లో చంపేస్తాదని. నిజమే. చక్రాలు దగ్గరగా ఉంటాయి, పవర్ ఎక్కువ, టెయిల్‌వీల్ లాక్ లివర్ మర్చిపోతే ఇంగ దేవుడే దిక్కు. కానీ నాకు అంతకన్నా పెద్ద ఇబ్బంది గాల్లోనే. దీనికి రడ్డర్ ట్రిమ్ కాక్‌పిట్‌లో లేదు. నేల మీద మెకానిక్ వంచిపెట్టే చిన్న రేకు ఒకటే. అంటే స్పీడు మారినప్పుడల్లా కాలితో కొంచెం కొంచెం తొక్కుతానే ఉండాల, అరగంట ఎగిరితే ట్విస్ట్ స్టిక్ పట్టుకున్న మణికట్టు వాచిపోతాది. పెడల్స్ లేకుండా 109 కొనొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. మిగతా అంతా సుఖమే, ప్రొపెల్లర్ పిచ్ ఆటోమేటిక్, మిక్చర్ గొడవ లేదు, ఒకటే లివర్, ఎక్కడం రాకెట్టు. ముక్కులో నుంచి కాల్చే 30 ఎంఎం ఫిరంగి ఒక్కటి తగిలితే చాలు, కాకపోతే రౌండ్లు 65 మాత్రమే, గుండు మెల్లగా పోతాది, దూరం నుంచి కాల్చడం దండగ. జర్మన్ ప్లేనే కావాల, పెడల్స్ మాత్రం లేవు అనేవాళ్ళు ఫోకె వుల్ఫ్ 190 డి-9 చూడండి, చక్రాలు ఎడంగా ఉంటాయి, స్టిక్ వెనక్కి లాగితే తోక లాక్, గేర్, ఫ్లాప్స్ అన్నీ బటన్లే.

పి-47 భారీ మనిషి, బాంబులు వేసే సరదా ఉంటే తీసుకోండి. ఐ-16లో చక్రాలు పైకి లేపాలంటే చేత్తో పిడి 44 చుట్లు తిప్పాల, అట్లాంటి పిచ్చి ఇష్టమున్నోళ్ళకు నేను చెప్పేదేం లేదు, వాళ్ళే కొనేసుంటారు.

డీసీఎస్‌తో ఖర్చు ప్లేన్‌తో ఆగదు, ఇది ముందే తెలుసుకోండి. కాకసస్, మరియానాస్ మ్యాపులు ఫ్రీగా వస్తాయి గానీ, స్పిట్‌ఫైర్ కింద నార్మండీ తీరం కావాలంటే మ్యాప్ వేరే, నేల మీద ఆ కాలం ట్యాంకులు, ఫిరంగులు కావాలంటే అసెట్స్ ప్యాక్ వేరే. మూడూ కలిపితే లెక్క బాగా పెరుగుతాది. ఆన్‌లైన్‌లో యుద్ధం చేద్దామంటే ఆ కాలం ప్లేన్ల సర్వర్లలో జనం ఎక్కువగా యూరప్ వాళ్ళే, అక్కడ రాత్రి 8 గంటలంటే మనకు 11:30 లేదా 12:30, పొద్దున డ్యూటీ ఉన్నోళ్ళు ఆలోచించుకోండి.

ఐఎల్-2 దగ్గరికి వస్తే కథ వేరే. అక్కడ ఒక్కో ప్లేన్ కాదు, ప్యాక్ కొంటారు. బ్యాటిల్ ఆఫ్ బోడెన్‌ప్లాట్ అనే ఒక్క ప్యాక్ తీసుకుంటే పి-51డి, స్పిట్‌ఫైర్ 9, బీఎఫ్ 109 కే-4, పి-47, టెంపెస్ట్, మెసర్‌ష్మిట్ 262 జెట్, ఇట్ల ఎనిమిది ప్లేన్లు, మ్యాప్, కెరీర్ అన్నీ వస్తాయి. డీసీఎస్‌లో ఒక ప్లేన్ లిస్ట్ ధర చుట్టుపక్కలే ఇది, సేల్‌లో ఇంకా తక్కువ. తేడా ఎక్కడంటే, కాక్‌పిట్‌లో స్విచ్‌లు మౌస్‌తో నొక్కలేరు. ఇంజన్ స్టార్ట్ ఒకటే కీ. పైన చెప్పిన ప్రైమర్, మాగ్నెటో తతంగం అంతా దానంతట అదే చేసుకుంటాది. కానీ గాల్లోకి లేచినాక అది బొమ్మ కాదు, ఎమర్జెన్సీ పవర్‌లో ఎక్కువసేపు ఉంటే ఇంజన్ పోతాది, రెక్కకు దెబ్బ తగిలితే ఆ పక్కకు లాగుతాది, స్టాల్ (స్పీడు చాలక రెక్కలు ప్లేన్‌ని మోయలేకపోవడం) ఎట్ల రావాలో అట్లనే వస్తాది. నాకు స్విచ్‌లంటే పిచ్చి కాబట్టి డీసీఎస్ వైపు మొగ్గుతా గానీ, మీకు కావాల్సింది యుద్ధమే అయితే గమ్మున ఐఎల్-2 తీసుకోండి, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తాది. టెంపెస్ట్ ఉండడం ఇంకో ముచ్చట, 1947-48 కాశ్మీర్ యుద్ధంలో మనోళ్ళు టెంపెస్టులు కూడా నడిపినారు, అది రేడియల్ ఇంజన్ ఉన్న మార్క్ 2, గేమ్‌లో ఉండేది మార్క్ 5.

మైక్రోసాఫ్ట్ సిమ్ ఎవరికంటే, కాల్చడం మీద ఆశ లేనోళ్ళకు. అక్కడ గన్నులు పేలవు. ఫ్లయింగ్ ఐరన్ వాళ్ళ స్పిట్‌ఫైర్ మార్క్ 9 నాకు నచ్చింది, ఇంజన్ వేడి పట్టించుకోకపోతే ఊరుకోదు. దీని మజా ఏమంటే మన ఊరి మీద ఎగరొచ్చు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్‌లో లేచి దక్షిణానికి తిరిగితే కడప అరగంట లోపే, దారిలో కొంచెం పక్కకు పోయి గండికోట దగ్గర పెన్నా లోయలోకి దిగి, రెండు గోడల మధ్య స్పిట్‌ఫైర్‌ని ఒంపు తిప్పి బయటికొస్తే ఆ సుఖం డీసీఎస్‌లో ఎన్ని డాలర్లు పెట్టినా రాదు. ఊళ్ళు మాత్రం శాటిలైట్ ఫోటో మీద నిలబెట్టిన డబ్బా ఇళ్ళే, మీ వీధి వెతుక్కుని బాధపడొద్దు. లైవ్ వెదర్ పెట్టుకుని మే నెల మధ్యాహ్నం ఓర్వకల్లులో ట్యాక్సీ చేస్తా కూర్చోండి, టెంపరేచర్ ముల్లు ఎట్ల లేస్తాదో, ఇంజన్ వేసినాక ఆలస్యం చేయొద్దని ఆ కాలం పైలట్లకు ఎందుకు చెప్పేవాళ్ళో మీకే అర్థమౌతాది. గేమ్ లోపలి మార్కెట్‌ప్లేస్ కన్నా తయారుచేసినోళ్ళ దగ్గర నేరుగా కొంటే అప్‌డేట్లు త్వరగా వస్తాయి, కాకపోతే అట్ల కొన్నది ఎక్స్‌బాక్స్‌లో పనిచేయదు.

మిగ్-21 అడిగేవాళ్ళు ఉంటారని తెలుసు. 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైర్ అయినప్పటి నుంచి దాని మీద మోజు ఇంకా పెరిగింది. డీసీఎస్‌లో మాగ్నిట్యూడ్ 3 వాళ్ళ మిగ్-21బిస్ ఉంది, మనోళ్ళు వాడిన బిస్సే, ఇండియన్ స్కిన్లు కూడా దొరుకుతాయి. ఇది వార్‌బర్డ్ లెక్కలోకి రాదని గొడవ పడొచ్చు గానీ పాత ఫైటర్ ఏదైనా పాత ఫైటరే. ముక్కు చక్రం ఉంది కాబట్టి టేకాఫ్‌లో ఎడమకి లాగే బాధ లేదు, ట్విస్ట్ స్టిక్ చాలు. ల్యాండింగ్ మాత్రం గంటకు 300 కిలోమీటర్ల పైన స్పీడుతో వస్తారు, ఫ్లాప్స్ మీదకి ఇంజన్ గాలి వదిలే సిస్టం ఒకటుంటాది, ఆఖర్లో త్రాటిల్ మొత్తం తీసేస్తే ఆ గాలి పోయి రాయి మాదిరి కింద పడతాది. తమాషా ఏమంటే దీంట్లో కూడా బ్రేక్ స్టిక్ మీద లివరే, గాలితోనే, రడ్డర్‌తోనే పంచుకుంటాది. స్పిట్‌ఫైర్‌లో చేయి తిరిగినోళ్ళకు మిగ్ ట్యాక్సీ రెండో రోజుకే వచ్చేస్తాది.

మెషీన్ విషయం. డీసీఎస్‌కి 16 జీబీ ర్యామ్‌తో లాగొచ్చు, 32 ఉంటే నిమ్మళం, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, వంద జీబీకి పైనే ఖాళీ పెట్టుకోండి. మన ఎండల్లో ల్యాప్‌టాప్ వేడెక్కి స్పీడు తగ్గించుకుంటాది, సరిగ్గా తోక లేచే టైంలో పిక్చర్ తడబడితే రడ్డర్ సరిదిద్దడం ఎవరి వల్లా కాదు, ఫ్రేమ్ రేట్ 45కో 60కో కట్టేసి పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే అయితే డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్ అయినా పెట్టండి. తల తిప్పితే చూపు తిరిగేదానికి ట్రాక్‌ఐఆర్ కొనే పని లేదు, ఓపెన్‌ట్రాక్ ఫ్రీ, వెబ్‌క్యామ్ చాలు. స్టిక్ కోసం అనంతపురం వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, కర్నూల్ వాళ్ళు సికింద్రాబాద్ సీటీసీకి పోయేది అలవాటే కద, పోయినప్పుడు చేత్తో పట్టుకుని ట్విస్ట్ తిప్పి చూడండి, మధ్యలో లూజుగా ఆడుతుంటే వద్దు. టీ.16000ఎం లాంటి హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కదలిక పసిగట్టేది) ఉన్న స్టిక్ ముందు వెనక, పక్కల కదలికల్లో తొందరగా అరగదు. పెడల్స్‌కి డబ్బులు పెట్టాలా ఇంకో ప్లేన్ కొనాలా అని ఊగిసలాడేవాళ్ళు పెడల్సే కొనండి, ఉన్న ఫ్రీ మస్టాంగే కొత్త ప్లేన్ అయిపోతాది.

కొనేది ఎట్ల అంటే, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో యూపీఐ నడుస్తాది, రూపాయల్లో రేటు ఉంటాది. డీసీఎస్ సొంత సైట్‌లో డాలర్లు, ఈ ప్లేన్ల మామూలు ధర 50 డాలర్ల దగ్గర, బ్యాంక్ యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోవాల, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాది. స్టీమ్‌లో కొన్నది డీసీఎస్ సొంత వెర్షన్‌కి లింక్ చేసుకోవచ్చు. పూర్తి ధర పెట్టి ఎవరూ కొనొద్దు, పాత ప్లేన్లు ఏడాదిలో ఎన్నోసార్లు సేల్‌కి వస్తాయి.

డీసీఎస్ సొంత వెర్షన్‌లో చాలా ప్లేన్లకు 14 రోజుల ఫ్రీ ట్రయల్ ఉంటాది, అదే ప్లేన్ మళ్ళా ట్రయల్ కావాలంటే ఆరు నెలలు ఆగాల. కాబట్టి ట్రయల్ బటన్ నొక్కే ముందే గేమ్ మొత్తం దించుకుని, స్టిక్ బటన్లన్నీ ఫ్రీ మస్టాంగ్ మీద సర్దుకుని ఉండండి, లేకుంటే మొదటి రెండు రోజులు డౌన్‌లోడ్ బార్ చూస్తానే పోతాయి. ముందు స్పిట్‌ఫైర్ ట్రయల్ తీసుకోండి. రెండు వారాల్లో మూడు ల్యాండింగ్‌లు వరసగా చక్రాలు విరక్కుండా చేసినారంటే స్పిట్ కొనండి, చేయలేకపోతే పి-51. 109 ట్రయల్ పెడల్స్ వచ్చినాక.